హైదరాబాద్ – డాలస్: దూరం 14,420 కిలోమీటర్లు, టికెట్ మీద 22 గంటల 10 నిమిషాలు. ఈ లెక్క ఎలా కుదిరింది?

శిరీష_డాలస్
9 అక్టోబర్ 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నవంబర్ 1న మా అమ్మా నాన్నా మొదటిసారి విమానం ఎక్కుతున్నారు. హనుమకొండ నుంచి కారులో శంషాబాద్, అక్కడి నుంచి దుబాయ్ మీదుగా డాలస్. నాన్న ఆర్టీసీలో 33 ఏళ్ళు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. టికెట్లు తీశానని ఫోన్‌లో చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట: "ఎన్ని కిలోమీటర్లు? రన్నింగ్ టైం ఎంత?" అని.

సరేనని నెట్‌లో వెతికాను. ఒకచోట 14,420 అని, ఇంకోచోట 8,960 అని, మరోచోట 7,786 అని ఉంది. విమాన సమయం 16 గంటల 30 నిమిషాలని రాశారు. కానీ నా దగ్గరున్న టికెట్ ఇలా ఉంది. శనివారం రాత్రి 9:50కి హైదరాబాద్‌లో బయల్దేరి, రాత్రి 12:15కి దుబాయ్‌లో దిగుతారు. అక్కడ 2:30కి ఇంకో విమానం ఎక్కితే ఆదివారం ఉదయం 8:30కి డాలస్. మొత్తం ప్రయాణం 22 గంటల 10 నిమిషాలని కింద రాసి ఉంది.

అమ్మేమో రాత్రి 9:50 నుంచి పొద్దున 8:30 వరకు లెక్కేసి "పదకొండు గంటలు కూడా లేదు కదే" అని సంతోషపడింది. ఇక్కడి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక నడుస్తుందని చెప్పాను. 10 గంటల 40 నిమిషాలకు అది కలిపితే 21 గంటల 10 నిమిషాలే వస్తోంది. టికెట్ మీద ఇంకో గంట ఎక్కువుంది. ఆ గంట ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

ఇంకో రెండు సందేహాలు. దుబాయ్ మీదుగా వెళ్ళడం వల్ల ఎంత దూరం ఎక్కువవుతుంది? తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి దుబాయ్‌కి 14 గంటల 35 నిమిషాలే వేశారు, వచ్చేటప్పుడు మాత్రం 16 గంటలు. దారి ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? నాన్నకు సరైన జవాబు చెప్పాలని ఉంది. ఏదో ఒకటి చెబితే ఆయన ఒప్పుకోరు.


లక్ష్మి_ఫ్రిస్కో
9 అక్టోబర్ 2025, రాత్రి 9:40

శిరీష గారూ, మీ గంట దొరికింది. వాళ్ళు దిగేది నవంబర్ 2, నవంబర్‌లో మొదటి ఆదివారం. ఆ రోజు తెల్లవారుజామున 2 గంటలకు ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. వాళ్ళు హైదరాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు తేడా పదిన్నర గంటలు, డాలస్‌లో దిగేటప్పటికి పదకొండున్నర గంటలు. 10:40కి 11:30 కలపండి, సరిగ్గా 22:10.

మా అత్తగారు ఒకసారి మార్చిలో, గడియారం ముందుకు తిప్పే ఆదివారమే వచ్చారు. ఎయిర్‌పోర్టుకు మేము గంట ఆలస్యంగా వెళ్ళాం. అప్పటి నుంచి టికెట్ తీసేటప్పుడు ఆ రెండు ఆదివారాలూ ముందే చూసుకుంటాను.


శిరీష_డాలస్
9 అక్టోబర్ 2025, రాత్రి 9:52

చాలా థాంక్స్ అండి! ఇది నాకు అసలు తట్టలేదు. ఆ పొద్దున్న నేను కూడా గడియారం చూసుకుని బయల్దేరాలన్నమాట.


భూగోళం మాస్టారు
10 అక్టోబర్ 2025, ఉదయం 6:05

అమ్మా శిరీషా, నేను తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మీ నాన్నగారి ప్రశ్న చూసి ప్రాణం లేచివచ్చింది. ఆయన కాగితం మీద సొంతంగా వేసుకోగలిగే లెక్క ఒకటి చెబుతాను.

ముందు మీరు చూసిన మూడు అంకెల సంగతి. మూడూ ఒకే దూరం. 14,420 కిలోమీటర్లు. 8,960 అంటే మామూలు మైళ్ళు, మైలుకు 1.609 కిలోమీటర్ల చొప్పున. 7,786 అంటే నాటికల్ మైళ్ళు, మైలుకు 1.852 కిలోమీటర్లు. ఓడలవాళ్ళూ విమానాలవాళ్ళూ వాడేది ఈ రెండోదే.

ఇప్పుడు ఒక గ్లోబు, ఒక దారం తీసుకోండి. దారం ఒక కొస హైదరాబాద్ మీద పెట్టి, రెండో కొస డాలస్ మీదకు లాగి బిగించండి. గోడ మీద మ్యాపు చూసి అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా వెళ్తుందనుకుంటాం. దారం మాత్రం అటు పోదు, నేరుగా ఉత్తరానికి లేస్తుంది. హైదరాబాద్ 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భూగోళానికి అవతలి వైపు దానికి సరిగ్గా ఎదురుగా ఉండేది 101.6 డిగ్రీల పడమర. డాలస్ 97 డిగ్రీల పడమర. అంటే మనం ఈ పక్కన ఉంటే డాలస్ దాదాపుగా మన వీపు వెనక ఉందన్నమాట. అలాంటి రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి ధ్రువం పక్కగానే పోతుంది.

లెక్క ఇలా. హైదరాబాద్ విమానాశ్రయం 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అక్కడి నుంచి ఉత్తర ధ్రువానికి 90 లోంచి 17.2 తీసేస్తే 72.8 డిగ్రీలు. డాలస్ 32.9 డిగ్రీలు, ధ్రువం నుంచి అక్కడికి 57.1. రెండూ కలిపితే 129.9. భూమి మీద ఒక్కో డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. గుణించి చూడమనండి, 14,419 వస్తుంది. కంప్యూటర్ చెప్పినదానికి కిలోమీటరు అటూ ఇటూ. ప్రతి జంట ఊళ్ళకూ ఇంత తేలిగ్గా కుదరదు. ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి కాబట్టి కుదిరింది. మీ నాన్నగారి ప్రయాణం పాఠంలో చెప్పుకోదగ్గ ప్రయాణం.


జగిత్యాల గల్ఫన్న
10 అక్టోబర్ 2025, ఉదయం 10:30

శిరీష అక్కా, నేను 14 ఏళ్ళ నుంచి దుబాయ్‌లో పని చేస్తున్నా. మొదటి సగం గురించి నేను చెప్పగలను. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు. పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు వేస్తారు, వచ్చేటప్పుడు మూడున్నర. ఇది నేను ఎప్పుడూ గమనిస్తూనే ఉన్నా. ఇంటికి వచ్చే దారి కదా, మనసుకు దగ్గరగా అనిపిస్తుందేమో అనుకునేవాణ్ణి. టికెట్ తీసి చూస్తే నిజంగానే తక్కువ ఉంటది.

మా ఊరి నుంచి శంషాబాద్‌కి జీపులో ఐదు గంటలు. మూడు గంటల ముందు లోపలికి పోవాలె. అంటే విమానం కదలకముందే ఎనిమిది గంటలు అయిపోతాయి. మీ నాన్నకు టైం చెప్పేటప్పుడు హనుమకొండ నుంచి లెక్క మొదలుపెట్టు. పెద్దవాళ్ళు అలసిపోయేది అక్కడనే.

దుబాయ్‌లో రెండుంబావు గంటలు అంటే నడుచుకుంటూ పోయేవాళ్ళకు సరిపోతది కానీ, అక్కడ ఒక గేట్ల వరస నుంచి ఇంకో వరసకు రైలు ఎక్కాల్సి రావచ్చు. మళ్ళీ తనిఖీ ఉంటది. వీల్‌చైర్ ఇప్పుడే అడుగు. నడవగలుగుతారు అని ఊరుకోవద్దు. వీల్‌చైర్ ఉంటే తోడుగా ఒక మనిషి వస్తడు, గేటు దాకా దింపుతడు. భాష రానివాళ్ళకు ఆ మనిషే పెద్ద ధైర్యం.


సాయి_ఆస్టిన్
10 అక్టోబర్ 2025, ఉదయం 11:15

తిరుగు ప్రయాణం తగ్గడానికి కారణం భూమి తిరగడం అనుకుంటున్నాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. తూర్పుకు వెళ్ళే విమానానికి ఆ వేగం కలిసివస్తుంది, పడమరకు వెళ్తే తగ్గుతుంది. అంతేనా?


విమానదారి
10 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 2:20

నేను బెంగళూరులో విమానాలకు రూట్లు వేసే పనిలో ఉన్నాను. డిస్పాచ్ అంటారు. రోజూ చేసే పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

సాయి గారూ, భూమి తిరగడం వల్ల నేరుగా కలిసివచ్చేదీ పోయేదీ ఏమీ లేదు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. శిరీష గారి నాన్నగారిని అడగండి. పరుగెత్తే బస్సులో కండక్టర్ రూపాయి బిళ్ళ పైకి ఎగరేస్తే అది వెనక సీట్లోకి పోదు, మళ్ళీ ఆయన చేతిలోనే పడుతుంది. సరిగ్గా ఇదీ అంతే.

అసలు కారణం గాలి. నేల నుంచి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, అంటే మన విమానాలు తిరిగే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి నదిలా పారుతుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటాం. దీని వేగం చాలా రోజులు గంటకు 150, 200 కిలోమీటర్లు ఉంటుంది, చలికాలంలో 300 కూడా దాటుతుంది. ఉష్ణమండలానికీ ధ్రువానికీ మధ్య వేడిలో తేడా చలికాలంలో ఎక్కువ, అందుకే గాలి అప్పుడు బలంగా ఉంటుంది. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోతుంటే, ఎదురుగాలి 100 ఉంటే నేల మీద లెక్కకు 800. అదే వెనక నుంచి తోస్తే 1,000. ఏటికి ఎదురీదడానికీ, ఏటివాలున ఈదడానికీ ఉన్న తేడా. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరున్నర, ఏడు గంటలు పడుతుంది.

ఇక దుబాయ్ మీదుగా ఎంత చుట్టు అన్నది. హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,920. మొత్తం 15,470. లండన్ మీదుగా అయితే 7,750కి 7,630 కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120, 8,260, అదీ 15,380. దోహా మీదుగా 15,650. మ్యాపులో చూస్తే ఏ ఊరికి ఆ ఊరు ఎంతో దూరంగా ఉన్నట్టుంటాయి. చివరికి అన్ని దారులూ మూడు వందల కిలోమీటర్ల తేడాలోపే తేలాయి! నేరు దారికంటే దుబాయ్ మీదుగా ఎక్కువయ్యేది 1,050 కిలోమీటర్లు. గట్టిగా గంటా పది నిమిషాలు.

మీరు నెట్‌లో చూసిన 16 గంటల 30 నిమిషాలు ఎలా వచ్చిందంటే, 14,420ని 900తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపారు. గాలి లేదు, మజిలీ లేదు, మూసేసిన ఆకాశం లేదు. పైగా హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానమే లేదు. లేని విమానానికి వేసిన టైం అది. ఆ అంకె పట్టుకుని సెలవులు పెట్టుకునేవాళ్ళను, కారు బుక్ చేసుకునేవాళ్ళను చూశాను. దయచేసి అలా చేయకండి.

టికెట్ మీద ఉన్నది వేరు. దాన్ని బ్లాక్ టైం అంటాం. గేటు దగ్గర విమానం కదిలిన నిమిషం నుంచి అవతలి గేటు దగ్గర ఆగిన నిమిషం వరకు. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, ఆ నెలలో గాలి సగటున ఎలా ఉంటుందన్నది, అన్నీ అందులో కలిసి ఉంటాయి. మీది 3:55, దుబాయ్‌లో 2:15, తర్వాత 16:00. మొత్తం 22:10. మీ నాన్నగారి భాషలో రన్నింగ్ టైం 19 గంటల 55 నిమిషాలు.


శిరీష_డాలస్
10 అక్టోబర్ 2025, రాత్రి 8:47

మీరు రాసినవన్నీ నాన్నకు ఫోన్‌లో చదివి వినిపించాను. మాస్టారి లెక్క ఆయన క్యాలెండర్ వెనక వేసుకుని 14,419 రాగానే "కరెక్టే" అన్నారు. బిళ్ళ మాటకు వెంటనే ఒప్పుకున్నారు. ఆయన అడుగుతున్నది ఇది: దారి అంత నేరుగా ధ్రువం పక్కన ఉంటే, నేరుగా బండి ఎందుకు వేయలేదు?


పద్మజ_వైజాగ్
11 అక్టోబర్ 2025, ఉదయం 7:30

హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా ఒకప్పుడు ఉండేదమ్మా, డాలస్‌కు కాదు, షికాగోకు. ఎయిర్ ఇండియా 2021 జనవరి 15న మొదలుపెట్టింది. నేను ఆ ఫిబ్రవరిలో అందులోనే వెళ్ళాను, మా అమ్మాయి పురిటికి. కరోనా రోజులు. మధ్యలో ఎక్కడైనా దిగితే పరీక్షలంటారో, ఆపేస్తారో అని భయం. ఒక్కసారి ఎక్కితే అక్కడే దిగడం నాకు దేవుడిచ్చినట్టే అనిపించింది. తర్వాత ఆ సర్వీసు ఆగిపోయింది.

కానీ ఒక మాట నిజంగా చెప్పాలి. పదహారు గంటలకు పైగా ఒకే సీట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేశాయి, పాదాలు చెప్పుల్లో పట్టలేదు. రెండేళ్ళ తర్వాత దోహా మీదుగా వెళ్ళాను. మధ్యలో మూడు గంటలు లేచి తిరిగాను, ముఖం కడుక్కుని వేడిగా టీ తాగాను, ప్రాణం హాయిగా అనిపించింది. కాబట్టి మజిలీ ఉంటే నష్టమే అనుకోకు. మీ అమ్మకు నడిచే ఓపిక ఉంటే అది మంచిదే.


విమానదారి
11 అక్టోబర్ 2025, ఉదయం 11:05

పద్మజ గారు చెప్పిన హైదరాబాద్–షికాగో 13,280 కిలోమీటర్లు. డాలస్ ఇంకో 1,140 ఎక్కువ. ఇంత దూరం ఎగరలేక కాదు. సింగపూర్–న్యూయార్క్ 15,300 కిలోమీటర్లు, ఈ రోజుకీ ఆగకుండా ఎగురుతోంది. చిక్కు దారిలో ఉంది.

మాస్టారు చెప్పిన దారం వెంబడే వెళ్ళండి. ఢిల్లీ పక్కగా లేచి హిమాలయాలు, కారకోరం, తర్వాత కజకిస్తాన్ తూర్పు భాగం, సైబీరియా, అక్కడి నుంచి ధ్రువానికి 500 కిలోమీటర్ల దగ్గరగా ఆర్కిటిక్, ఆపైన కెనడా. మొదటి అడ్డంకి కొండలు. విమానంలో గాలి పీడనం పోతే వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోవాలి, ఎందుకంటే పైనుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే ఉంటుంది. కింద ఆరు, ఏడు కిలోమీటర్ల కొండలుంటే ఎక్కడికి దిగుతాం? అందుకే అటు దారులు చాలా తక్కువ, జాగ్రత్తలు చాలా ఎక్కువ.

రెండోది ఆకాశం మూసేయడం. 2025 ఏప్రిల్ 24న మన విమానాలకు పాకిస్తాన్ తన ఆకాశం మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఆ చుట్టు వల్ల వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. అమెరికా కంపెనీలకేమో 2022 నుంచి రష్యా ఆకాశం మూసేశారు. యునైటెడ్ ఆ మార్చిలోనే శాన్ ఫ్రాన్సిస్కో–ఢిల్లీ ఆపేసింది. భూమి మీద దూరం మారలేదు, కానీ వెళ్ళగలిగే దూరం మారిపోయింది. మీ ప్రయాణం గల్ఫ్ విమానంలో కాబట్టి ఈ రెండూ మిమ్మల్ని అంతగా తాకవు.

నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటి. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ వైపు పంపింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా రెండు గంటలు ముందే, దాదాపు పద్నాలుగున్నర గంటల్లో చేరింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి టైం మిగుల్చుకున్నారు, గాలి వెనక నుంచి తోసింది కాబట్టి. రూట్ వేయడమంటే మేము చేసేది ఇదే, గాలి ఎటుందో చూసి దారి ఎంచుకోవడం.

ధ్రువం దారి మన వాళ్ళు చేయనిదేమీ కాదు. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపింది నలుగురు మహిళా పైలట్లు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించారు. వాళ్ళలో పాపగారి తన్మయి గారు మన తెలుగు పేరు. ఆ రోజు ఆఫీసులో అందరం స్క్రీన్ ముందు నిలబడి ఆ చుక్క కదలడం చూశాం.


డాక్టర్_నెల్లూరు
11 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 1:30

తల్లిదండ్రులిద్దరిలో ఎవరికైనా షుగర్, బీపీ ఉంటే ఒక సూచన. మాత్రలు, ఇన్సులిన్, చీటీ చేతి బ్యాగులోనే పెట్టండి. రాత్రి మాత్ర "డాలస్ రాత్రి"కి వేసుకోవాలా, "హనుమకొండ రాత్రి"కా అన్న గందరగోళం చాలామందికి వస్తుంది. వాళ్ళ డాక్టర్ దగ్గరికి ఈ టైములన్నీ ఉన్న కాగితం తీసుకెళ్ళి, ఏ మాత్ర ఎన్ని గంటల తేడాతో వేసుకోవాలో ఇప్పుడే రాయించుకోండి. 16 గంటల విమానంలో గంటా రెండు గంటలకోసారి లేచి నడవాలి, నీళ్ళు తాగుతుండాలి. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కదలకుండా కూర్చోవడం వల్లే పెరుగుతుంది. బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్ళు మానేసే పెద్దవాళ్ళను చాలామందిని చూశాను. మీ అమ్మగారికి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి.


శిరీష_డాలస్
11 అక్టోబర్ 2025, రాత్రి 10:20

అమ్మకు షుగర్ ఉంది డాక్టర్ గారూ. సోమవారమే రాయించుకోమన్నాను. వీల్‌చైర్ ఇద్దరికీ అడిగాను గల్ఫన్నా, శాకాహార భోజనం కూడా చెప్పేశాను. ఇన్నాళ్ళూ చాలా టెన్షన్‌గా ఉన్నాను, మీ అందరి మాటలతో కొంచెం కుదుటపడ్డాను. వచ్చాక తప్పకుండా రాస్తాను.


శిరీష_డాలస్
3 నవంబర్ 2025, రాత్రి 8:15

వచ్చేశారు! ఇద్దరూ క్షేమం. నిన్నంతా పడుకున్నారు, ఈ రోజే కూర్చుని మాట్లాడుకున్నాం.

నాన్న ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చుకున్నారు. డ్యూటీ మీద రాసుకున్నట్టే మొత్తం రాశారు. సీటు ముందున్న తెర మీద చూసి వేగం, ఎత్తు, బయట చలి, అన్నీ గళ్ళు గీసి. ఆయన రాసింది చూస్తూ ఇక్కడ ఎక్కిస్తున్నాను.

హనుమకొండలో బయల్దేరింది శనివారం మధ్యాహ్నం 2:30. శంషాబాద్ 6:30, 170 కిలోమీటర్లు. విమానం కదిలింది 10:05, పావుగంట లేటు. దుబాయ్ సరైన సమయానికే. అక్కడ ఒక కేరళ అబ్బాయి వీల్‌చైర్ తోసుకుంటూ రైలెక్కించి, గేటు దగ్గర కూర్చోబెట్టి, విమానం ఎక్కేదాకా ఉన్నాడట. అమ్మ అతనికి సకినాలు ఇచ్చింది. దుబాయ్‌లో కదిలింది 2:40, డాలస్ గేటు దగ్గర ఆగింది ఉదయం 8:10. అంటే 16 గంటలకు బదులు పదిహేనున్నరే. తెర మీద చూపిన దూరం మొదటి విమానానికి 2,610, రెండోదానికి 13,100. ఇమిగ్రేషన్ అయ్యి బయటికి వచ్చేసరికి 9:25, ఇల్లు 10:15. ఇంటి నుంచి ఇంటికి 31 గంటల 15 నిమిషాలు, మొత్తం 15,925 కిలోమీటర్లు. సగటున గంటకు 510 అని కింద గీత గీసి రాశారు. గల్ఫన్న చెప్పినట్టే లెక్క హనుమకొండ నుంచి మొదలుపెట్టారు.

రెండో విమానంలో నాలుగు చోట్ల రాసినవి: మొదట్లో వేగం 896, ఎత్తు 30,000 అడుగులు, బయట మైనస్ 43. తర్వాత 872, 32,000. గ్రీన్లాండ్ దగ్గర 841, 34,000, మైనస్ 58. కెనడా మీద 888, 36,000, మైనస్ 60. ఆయన ప్రశ్న: ఎత్తు ఎందుకు మెట్లు మెట్లుగా పెరిగింది? మొదటే 36,000కు ఎక్కొచ్చు కదా?

అమ్మది ఇంకో ప్రశ్న. కారులో వస్తుంటే ఘట్‌కేసర్ దగ్గర పొద్దుగూకింది. ఆ తర్వాత రెండు విమానాలు మారినా, మూడుసార్లు అన్నం పెట్టినా తెల్లారలేదట. "ఇంత పొడుగు రాత్రి నా జన్మలో చూడలేదే" అంది. డాలస్ ఇంకా గంటన్నర ఉందనగా కిటికీలో ఎర్రగా కనబడిందట.


విమానదారి
4 నవంబర్ 2025, ఉదయం 9:40

శిరీష గారూ, ఆ పుస్తకం దాచండి. మా దగ్గర కొత్తగా చేరే పిల్లలు కూడా ఇంత శ్రద్ధగా రాయరు.

నాన్నగారికి చెప్పండి: నిండు లోడుతో లారీ ఘాట్ రోడ్డు ఎలా ఎక్కుతుందో ఆయనకు తెలిసిందే. దుబాయ్‌లో లేచేటప్పుడు ఆ విమానంలో నూరు టన్నులకు పైగా ఇంధనం ఉంటుంది. అంత బరువుతో పల్చటి గాలిలోకి ఎక్కదు, ఎక్కించినా ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఇంధనం ఖర్చయి బరువు తగ్గేకొద్దీ రెండేసి వేల అడుగులు పైకి వెళ్తుంది. గ్రీన్లాండ్ దగ్గర 841 అంటే ఎదురుగాలి తగిలింది. అయినా ఆ రోజు మొత్తం మీద గాలి తక్కువే, అందుకే అరగంట మిగిలింది.


భూగోళం మాస్టారు
4 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:10

అమ్మగారి ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం నాకివ్వండి. ఇందులో సాయి చెప్పిన భూభ్రమణం నిజంగానే ఉంది, ఇంకో రూపంలో.

భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్ళేకొద్దీ చుట్టుకొలత చిన్నదవుతుంది కాబట్టి వేగమూ తగ్గుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సరిగ్గా సగం, 835. మీ వాళ్ళ విమానం ఐస్‌లాండ్, గ్రీన్లాండ్ వైపు అంతకంటే పైకే వెళ్ళి, పడమరకు 841తో పోయింది. తెల్లవారుజాము తూర్పు నుంచి ఎంత వేగంగా వస్తుందో, వీళ్ళు అంతే వేగంగా దాని ముందు పడమరకు జరిగారు. వేకువ వాళ్ళను అందుకోలేకపోయింది. దక్షిణానికి తిరిగి అమెరికా మీదకు దిగినప్పుడే అందుకుంది. ఘట్‌కేసర్‌లో పొద్దుగూకింది 5:45 అనుకుంటే, ఆ రాత్రి దాదాపు 24 గంటలు. అమ్మగారు అన్నది అక్షరాలా నిజం. నేను నలభై ఏళ్ళు పాఠం చెప్పాను కానీ అలాంటి రాత్రి చూడలేదు.


సాయి_ఆస్టిన్
4 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:45

మాస్టారూ, ఇది చదివి ఇంట్లో గ్లోబు తీసి మా అబ్బాయికి టార్చిలైటు వేసి చూపించాను. వాడు ఇప్పుడు హైదరాబాద్ నుంచి సిడ్నీకి దారం లాగుతున్నాడు.


జగిత్యాల గల్ఫన్న
4 నవంబర్ 2025, సాయంత్రం 5:20

అమ్మా నాన్నా మంచిగ చేరినందుకు చాలా సంతోషం అక్కా. తిరిగి వచ్చేటప్పుడు దుబాయ్‌లో ఎక్కువ టైం ఉంటే చెప్పు. శుక్రవారం అయినా, ఆదివారం అయినా ఎయిర్‌పోర్టు దాకా వస్తా.


శిరీష_డాలస్
4 నవంబర్ 2025, రాత్రి 9:30

మాస్టారి జవాబు చదువుతుంటే అమ్మ రెండుసార్లు మళ్ళీ చదవమంది. హనుమకొండలో పక్కింటి వాళ్ళకు ఫోన్ చేసి "ఇరవై నాలుగు గంటల రాత్రి" అని ఇప్పుడే చెబుతోంది.

నాన్న తిరుగు ప్రయాణానికి అప్పుడే కొత్త పేజీ తీశారు. పైన "ఏప్రిల్ 18" అని రాసి గళ్ళు గీశారు. డాలస్–దుబాయ్ గడిలో 14:35 అని ముందే వేశారు, పక్కన "గాలి వెనక నుంచి" అని చిన్నగా రాసుకున్నారు. ఏప్రిల్‌లో తేడా పదిన్నరా పదకొండున్నరా అని అడిగారు. పదిన్నర అన్నాను. అది కూడా రాసుకున్నారు.